మూడో పిన్ను

5 ఆగస్టు 2007, ఆదివారం

అర్చన మళ్లీ బస్టాండ్ పక్కన వీడియో గేమ్ షాపులో దొరికింది. ట్యూషన్ అని చెప్పి వెళ్లింది. ఎనిమిదేళ్ల పిల్ల, తనకంటే రెట్టింపున్న మగపిల్లల మధ్య స్టూలెక్కి, ఇనప స్టిక్ రెండు చేతులా పట్టుకుని ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. నేలంతా వాన తడి. లాక్కొస్తుంటే షాపతను ఇంకో లైఫ్ మిగిలి ఉంది మేడమ్ అని నవ్వాడు.

ఇంటికొచ్చాక కొట్టాను. తర్వాత నేనే ఏడ్చాను. ఎందుకు పోతున్నావని అడిగితే, నాన్న తీసుకుపోయేవాడు కదా అంది. నిజమే. జితేందర్ బల్మూర్ నుంచి మమ్మల్ని నాగర్‌కర్నూల్ తీసుకొచ్చినప్పుడల్లా దాన్ని ఆ స్టూలు మీద నిలబెట్టి ఆడించేవాడు. ఆయన పోయి ఈ నెలకు రెండేళ్లు. మేం ఊరు వదిలి ఈ అద్దె ఇంటికి వచ్చేశాం. ఆ స్టూలు మాత్రం అక్కడే ఉంది.

అత్తమ్మ గడపలో కూర్చుని అంతా విన్నది. ఆ ఆట డబ్బా ఏదో ఇంట్లోనే పెట్టుకుంటే పిల్ల రోడ్ల మీద పడదు కదా అంది. కోపంతో అన్న మాటే. నేను మాత్రం అప్పటినుంచి అదే ఆలోచిస్తున్నాను.

7 ఆగస్టు

ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసు లేని గంటలో నెట్‌లో వెతికాను. గేమ్ డబ్బాలు ఇళ్లలో సొంతంగా చేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. లోపల ఒక పాత కంప్యూటర్, మానిటర్, విప్పేసిన కీబోర్డు, దానికి వైర్లతో కలిపిన స్టిక్కు, బటన్లు. మిగతాదంతా చెక్క. డ్రాయింగ్ ప్రింట్ తీసుకున్నాను. చెక్క అన్నదే నాకు ధైర్యం. చెక్కలోంచి కరెంట్ రాదు.

ఎవరూ చదవరు కనుక రాసుకుంటాను. ఊళ్లో పిల్లలకు కంప్యూటర్ నేర్పే ఈ స్వరూప మేడమ్ రెండేళ్లుగా స్విచ్ ముట్టుకోలేదు. పొద్దున ఎవరో ఒక స్టూడెంట్ వచ్చి మెయిన్ వేసేదాకా వరండాలో ఫోన్ చూస్తున్నట్టు నిలబడతాను. ఇంట్లో అత్తమ్మ వేస్తుంది. ఆమె లేకపోతే చపాతీ కర్రతో నొక్కుతాను. రబ్బరు చెప్పులు ఇంట్లో కూడా విప్పను. దేవుడి అల్మారా దగ్గరికి కూడా చెప్పులేనా అని అత్తమ్మతో రోజూ పోట్లాట.

12 ఆగస్టు, ఆదివారం

వీధి చివర వెంకట్రాములు వడ్రంగి షెడ్డుకు వెళ్లాను. డ్రాయింగ్ అటూ ఇటూ తిప్పి అల్మారానా, దేవుడి మందిరమా అని అడిగాడు. చెప్పాక చాలాసేపు నవ్వాడు. రెండు రోజుల్లో తనే చేసిస్తానన్నాడు. వద్దు, నాకు నేర్పమన్నాను.

ఎందుకో ఆయనకు చెప్పలేదు. లోపల ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో నాకు తెలియాలి. ఇంకొకరు బిగించిన డబ్బా మీద నా పిల్లను చెయ్యి పెట్టనివ్వను.

ఇన్‌స్టిట్యూట్‌లో పార్టిషన్ తీసేసిన ప్లైవుడ్, మూలన పడేసిన కంప్యూటర్ నాకే ఇచ్చేశారు. ఆదివారాలు షెడ్డులో పని చేసుకోమని వెంకట్రాములు ఒప్పుకున్నాడు. రంపం ఎట్లా పట్టుకోవాలో చూపించాడు. తోసేటప్పుడు కోస్తుంది, లాగేటప్పుడు కాదు. నేను రెండు వైపులా బలం పెట్టి మొదటి అరగంటలోనే బొటనవేలు కోసుకున్నాను. రక్తం కారింది కానీ భయం వేయలేదు. రంపం పళ్లు కనబడతాయి కదా.

19 ఆగస్టు

రెండేళ్లు.

20 ఆగస్టు

నిన్న రాయలేకపోయాను.

ఆ వారం పొద్దున ఆరుకు పొలాలకు కరెంట్. అంతకుముందు వాన పడింది. జితేందర్ పడుకుని ఉంటే అత్తమ్మే లేపింది, కరెంటొచ్చింది, పోయి మోటరు వెయ్యమని. చెప్పులు మడి గట్టు మీద విడిచి బురదలోకి దిగాడు. స్టార్టర్ ఇనప డబ్బా. చెయ్యి దానికి అతుక్కునే ఉందట. నేను వెళ్లేసరికి తీసి గట్టు మీద పడుకోబెట్టారు.

ఊరంతా ఒకటే మాట, వాడి టైమ్ అయిపోయిందని. అత్తమ్మ కూడా అదే అంటుంది. ఎవరు పలకరించినా అదే. ఆ ఒక్క మాట పట్టుకుని లేస్తోంది, వండుతోంది, తింటోంది.

ఆ చేను ఇప్పుడు యేసయ్య కౌలుకు చేస్తున్నాడు. అదే బోరు, అదే స్టార్టర్.

26 ఆగస్టు

పక్క పలకలు రెండూ కోశాను. ఒక్కోదానికి రెండు గంటలు. తీరా నిలబెట్టి చూస్తే రెండూ ఒకే పక్కవి. నున్నటి ముఖం ఒకదానికి బయటికి, ఇంకోదానికి లోపలికి. ఎదురెదురుగా పెట్టి గీయాలన్న బుద్ధి లేకపోయింది. రెండూ కుడికాలి చెప్పులే కొనుక్కొచ్చినట్టుందని వెంకట్రాములు అన్నాడు. షెడ్డులో అందరం నవ్వాం. నేను నవ్వి ఎన్నాళ్లయిందో, దవడలు నొప్పి పుట్టాయి.

రంగు వేస్తే తెలియదట. వేస్తాను.

2 సెప్టెంబర్

డబ్బాను నేల మీద పడుకోబెట్టి అడుగు పలక బిగిస్తున్నాను. మనిషంత పొడవుంది. చూడలేకపోయాను. పని సగంలో ఆపి లేపి నిలబెట్టించాను.

9 సెప్టెంబర్

హైదరాబాద్ నుంచి తెప్పించిన బటన్ల మెడలు పొట్టివి. ప్లైవుడ్ మందం ముప్పావు అంగుళం, వెనక నట్టు అందడం లేదు. ఉలితో లోపలినుంచి పలచన చేయొచ్చట. నేను చేయబోతే రెండుచోట్ల పలక చిట్లింది. చివరికి చేతులు పెట్టే చోట పెద్ద కిటికీలా కోసేసి, దాని మీద ఇనప రేకు పరిచి, ముందంచు మీదికి వంచి బిగించాం. పాత ట్రంకు పెట్టె మూత అది.

అర్చన చేతులు ఉండేది సరిగ్గా ఆ రేకు మీదే. చెక్క డబ్బా చేస్తానని బయలుదేరి ఇనప డబ్బా చేసుకున్నాను. కళ్లు మూసుకుంటే స్టార్టర్ కనబడుతోంది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఏమైందని అత్తమ్మ అడిగితే తలనొప్పి అన్నాను.

16 సెప్టెంబర్, ఆదివారం, మధ్యాహ్నం 3

డబ్బా తోపుడు బండి మీద ఇంటికొచ్చింది. వీధిలో వాళ్లంతా ఫ్రిజ్ కొన్నావా అని అడిగారు. కంప్యూటర్, మానిటర్ లోపల పెట్టాను. ఒక్క వైరు కూడా వేలాడకుండా పలకలకు క్లిప్పులు కొట్టాను. మెయిన్ వైరును రేకు కింద, ముందంచు పలకకు లోపలివైపు తీసుకెళ్లాను. అక్కడైతే ఎవరి చెయ్యీ తగలదు. అన్నీ నాలుగుసార్లు చూశాను. ఇంకోసారి చూసి వేస్తాను.

సాయంత్రం 5

చపాతీ కర్రతో స్విచ్ నొక్కాను. స్క్రీన్ వెలిగింది. మ్యూజిక్ వచ్చింది. అర్చన కేక పెట్టి పరుగెత్తుకొచ్చి రేకు మీద అరచెయ్యి ఆనించింది. అమ్మా, జుమ్మంటుంది అంది. నవ్వుతూనే అంది.

దాన్ని ఎట్లా లాగానో గుర్తులేదు. దాని భుజం మీద నా గోళ్ల గుర్తులున్నాయి.

అత్తమ్మకు ఇదంతా వింత. కూలర్ జుమ్మనదా, ఇస్త్రీ పెట్టె జుమ్మనదా, దానికింత పరేషాన్ ఎందుకు అంటుంది. ఇన్‌స్టిట్యూట్‌లో సీపీయూలు కూడా అంతే, స్టూడెంట్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆడుకుంటారు. అందరికీ అలవాటే. జితేందర్ కూడా చెప్పేవాడు, స్టార్టర్ కొంచెం జుమ్మంటుందని. చెప్పి నవ్వేవాడు.

17 సెప్టెంబర్

మా ఇంటి ఓనర్ ఖాజా మియా రిటైర్డ్ లైన్‌మన్. ముందు పోర్షన్‌లోనే ఉంటాడు. పిలిస్తే వచ్చి సాకెట్ విప్పాడు. మూడు రంధ్రాల్లో పైన పెద్దది ఒకటుంటుంది కదా, దాని వెనక వైరే లేదు. ఉత్త రంధ్రం. ఊళ్లో చాలా ఇళ్లలో ఇంతేనట. ప్లగ్గుకు మూడో పిన్ను ఉంటుంది, మనం పెడతాం, అది పోయి గోడలో ఊరికే కూర్చుంటుంది. ఇన్నేళ్లుగా ఆ పిన్ను దేనికని నేనూ అడగలేదు.

ఫ్యూజు తీస్తే అందులో సన్న తీగకు బదులు లావు వైరు పోగులు మెలిపెట్టి ఉన్నాయి. ఎవరు చుట్టారని అడిగాను. తనేనట. మాటిమాటికీ తెగుతుంటే ఏం చేయను బేటీ అని తల గోక్కున్నాడు. ఓనర్ అని కూడా చూడకుండా అరిచేశాను. లైన్‌మన్ ఇల్లే ఇట్లా ఉంటే ఎవరికి చెప్పుకోవాలి? ఆదివారం ఆ పిన్ను కోసం ఎర్త్ గుంత తవ్వుదామన్నాడు.

డబ్బా మీద దుప్పటి కప్పాను. అర్చన నాతో మాట్లాడటం లేదు.

23 సెప్టెంబర్, ఆదివారం

వాకిలి మూలన నడుము లోతు గుంత. గడ్డపార నేనే వేశాను. ఇనప పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గులు, ఒక వరస రాళ్ల ఉప్పు, మళ్లీ బొగ్గులు, మళ్లీ ఉప్పు. పైన మట్టి. బిందెడు నీళ్లు. పైపు నుంచి మందపాటి తీగ సాకెట్ పెద్ద రంధ్రానికి, అక్కడి నుంచి పచ్చ వైరు డబ్బాలోకి, రేకుకు. రేకులోకి కరెంట్ వస్తే ఆ తీగ పట్టుకుని మట్టిలోకి పోతుందట. అంత కరెంట్ ఒక్కసారిగా పోయేసరికి ఫ్యూజు తెగి అంతా ఆగిపోతుందట. ఖాజా మియా ఈసారి ఫ్యూజుకు సన్న తీగే చుట్టి నాకు చూపించాడు. గుంత ఎండకూడదు, రోజూ నీళ్లు పొయ్యమన్నాడు.

అడగకూడదనుకుంటూనే అడిగాను. పొలంలో స్టార్టర్‌కు కూడా ఇట్లానే పెడతారా? ఆయన గడ్డపారకు అంటిన మట్టి తుడుస్తూ, పెట్టాలి బేటీ, పెడుతున్నదెవరు అన్నాడు. తర్వాత నా ముఖం చూసి ఆగిపోయాడు. జితేందర్ ఎట్లా పోయాడో ఆయనకు తెలుసు.

అదే రోజు, మధ్యాహ్నం 2

ఒక సంచి ఉప్పు. ఒక బస్తా బొగ్గులు. ఒక పూట పని.

అత్తమ్మకు చెప్పకూడదు. ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే, టైమ్ అయిపోయిందని. అది లాక్కుంటే లేపి పంపింది తనేనన్నది మిగులుతుంది. చెప్పను. ఆమెకు చదువు రాదు. అయినా ఈ పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను.

30 సెప్టెంబర్

జుమ్మనడం పోయింది. ముందు నేను రేకు మీద చెయ్యి పెట్టి వంద లెక్కపెట్టాను, తర్వాతే అర్చనను రానిచ్చాను. స్టూలు కూడా నేనే చేశాను, ఒక కాలు పొట్టి. అర్చన స్కూలు నుంచి నేరుగా ఇంటికొస్తోంది. అత్తమ్మ కూడా నిన్న కారు రేసు ఆడింది. ఎదురొచ్చినవాటన్నిటినీ గుద్ది, దీనికంటే ఎడ్లబండి నయమని తేల్చింది.

నేను ఆట మధ్యలో టెస్టర్ తీసుకుని రేకుకు ఆనిస్తాను. అర్చన విసుక్కుంటుంది. భయం పోలేదు. నిన్న మాత్రం చపాతీ కర్ర కనబడక వేలితో స్విచ్ వేశాను. వేశాక తెలిసింది, వేసింది నేనని.

11 అక్టోబర్

ఎంగిలిపూల బతుకమ్మ. గుంతలో నీళ్లు పోస్తుంటే, అందులో ఏమైనా మొలుస్తుందా కోడలా అని అత్తమ్మ ఆటపట్టించింది. నవ్వి ఊరుకున్నాను.

14 అక్టోబర్

యేసయ్య కొత్త పల్లికాయ తెచ్చాడు. పంట గురించి అత్తమ్మతో చాలాసేపు మాట్లాడాడు. మాటల్లో మాటగా, వానలకు స్టార్టర్ బాగా జుమ్మంటోందని, కట్టెపుల్లతో వేస్తున్నానని నవ్వుతూ చెప్పాడు.

అత్తమ్మ పక్కనే ఉంది. బల్మూర్ బస్సు దాకా వెంట వెళ్లి, స్టార్టర్‌కు ఎర్త్ గుంత తవ్వమని చెప్పొచ్చు. వెళ్లలేదు. నా పాత రబ్బరు చెప్పుల జత కవర్లో పెట్టి ఇచ్చాను. ఆడవాళ్ల చెప్పులు నాకెందుకక్కా అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

21 అక్టోబర్, దసరా, పొద్దున 9

ఆయుధ పూజకు అన్నీ కడిగి వాకిట్లో పెట్టాం. కొడవలి, కత్తిపీట, గడ్డపార. అత్తమ్మ నా రంపం, సుత్తె, ఉలి కూడా కడిగి వాటి పక్కన పెట్టింది. నువ్వు కూడా పని నేర్చినదానివే కదా అంది. ఆమె నన్ను చివరిసారి ఎప్పుడు మెచ్చుకుందో నాకు గుర్తులేదు.

డబ్బాకు కూడా పూజ చేయాలట, ట్రాక్టర్లకు చేసినట్టు. మామిడాకులు, బంతిపూల తోరణం గుచ్చింది. కట్టడానికి డబ్బాకు పట్టు లేదు. రేకు ముందంచుకు రెండు చివర్లా స్క్రూల కోసం పొడిచి వదిలేసిన రంధ్రాలున్నాయి. వాటిలో రెండంగుళాల మేకులు కొట్టాను. ఒక్కటీ వంకర పోలేదు. మూడేసి దెబ్బలకు దిగాయి. ఆగస్టులో అయితే మేకుకు పది దెబ్బలు, అందులో నాలుగు నా వేలి మీద. తోరణం కట్టాక డబ్బా చాలా అందంగా ఉంది.

పూజ కనుక చెప్పులు విప్పమంది. విప్పాను.

11:40

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అత్తమ్మ రేకంతా తడి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చల్లింది. పూజయ్యాక బండిని ఒకసారి నడిపించాలి కదా, వెయ్యమంది. అర్చన తడి కాళ్లతో స్టూలెక్కి స్టిక్ పట్టుకుంది. అత్తమ్మ పక్కనే, అరచెయ్యి రేకు మీద పెట్టి మొక్కుతోంది. నేను వేలితో స్విచ్ వేశాను.

టప్‌మని ఫ్యూజు పోయింది. ఫ్యాన్ ఆగింది. గేమ్ రాలేదని అర్చన మూతి ముడిచింది. అత్తమ్మ చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఇద్దరినీ చూశాను. ఇద్దరూ కదులుతున్నారు.

డబ్బా వెనక తలుపు తీసి చూశాను. ముప్పావు అంగుళం పలక, రెండంగుళాల మేకు. ఆ లెక్క నాకు తెలుసు. ఎడమ మేకు మిగతా అంగుళంబావు లోపలికి దిగి, మెయిన్ వైరును నడిమధ్యలో పొడిచింది. నల్ల తొడుగు చీలి ఎర్ర వైరులో రాగి మెరుస్తోంది. వైరు అక్కడుందని తెలిసినదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే. తోరణం కట్టాలన్న సంబరంలో మర్చిపోయాను. నేను కొట్టిన మేకు. నేను వేసిన స్విచ్. నా పిల్ల చెయ్యి.

కరెంట్ పోయిందని ఖాజా మియా వచ్చాడు. నా వెనక నుంచి వంగి మేకును చూశాడు.

"నీ గుంత పనిచేసింది బేటీ. అది లేకుంటె ఇయ్యాల ఈ ఇంట్ల దసరా లేకుండె."

ఆయనను ఆపే టైమ్ నాకు దొరకలేదు. అత్తమ్మ అక్కడే నిలబడి ఉంది. మేకును చూసింది, వైరును చూసింది, పసుపు అంటిన తన చెయ్యి చూసుకుంది.

"గుంతల ఏమేసినవ్ బిడ్డా?"

బొగ్గులు, ఉప్పు, నీళ్లు అన్నాను. అబద్ధం ఆడదామనుకున్నాను, నోరు రాలేదు.

"గంతేనా?"

ఖాజా మియా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె మెల్లగా వాకిట్లోకి నడిచి గుంత పక్కన మట్టిలో కూర్చుంది.

22 అక్టోబర్

అత్తమ్మ నిన్నటి నుంచి ఏమీ తినలేదు. ఏడవలేదు. టైమ్ అయిపోయిందన్న మాట కూడా అనలేదు. తిడుతుందని, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతుందని ఎదురుచూస్తున్నాను. అడిగితే కాళ్ల మీద పడతాను.

మధ్యాహ్నం ఒకే సంగతి అడిగింది. గుంత ఎంత లోతని. నడుము దాకా అన్నాను. ఎవరి నడుము అని అడిగింది.

23 అక్టోబర్, పొద్దున 7:10

అత్తమ్మ మంచం ఖాళీ. గడ్డపార లేదు. వంటింట్లో ఉప్పు డబ్బా లేదు. మిగిలిన బొగ్గుల సంచి లేదు. బల్మూర్‌కు మొదటి బస్సు ఆరుంబావుకు. గుంత తవ్వినా, స్టార్టర్‌కు వైరు ఎవరు కలుపుతారు? ఎనిమిది బస్సుకు ఖాజా మియా, నేను వెళ్తున్నాం.

నా రబ్బరు చెప్పులు వెతికితే కనబడలేదు. అవి కూడా వేసుకుపోయింది.